ఈదే పిల్లల భుజాలు

పోటీ ఈతకి తయారయ్యే పిల్లలు భుజం నొప్పంటే "అలవాటవుతుందిలే" అనకండి, దయచేసి. రోజూ కిలోమీటర్లకొద్దీ ఫ్రీస్టయిల్ ఈదితే చేతులు వేలసార్లు తిరుగుతాయి. కీలుని గూట్లో పట్టి ఉంచే చిన్న కండరాలు, అంటే రొటేటర్ కఫ్, అలిసిపోతే పట్టు తప్పుతుంది, టెండన్లు ఒరుసుకుంటాయి. కెనెడీ, హాకిన్స్ అనే డాక్టర్లు 1974లోనే ఈ నొప్పి గురించి 'స్విమ్మర్స్ షోల్డర్' పేరుతో రాశారు. అయినా నొప్పి మాత్ర వేసి పిల్లల్ని నీళ్లలోకి దింపేవాళ్లని చూస్తే గుండె తరుక్కుపోతుంది.

నొప్పి మొదలైతే ముందు ఈదే దూరం తగ్గించాలి, చేతి పాడిల్స్ తీసెయ్యాలి. కిక్‌బోర్డు పట్టుకుని చేతులు చాపినా భుజం మీద భారమే. చేతులు ఒంటికి ఆనించి కిక్ కొట్టొచ్చు. రబ్బరు బ్యాండు వ్యాయామాలు, ముఖ్యంగా రెక్క ఎముక చుట్టూ కండరాలకి, ఫిజియో దగ్గరే నేర్చుకోవాలి. రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పైతే వెంటనే ఎముకల డాక్టరుకి చూపించండి.