ఆ దెయ్యానికో పేరుంది!

దెయ్యాలంటే నాకు భయం లేదు. కాకపోతే రాత్రిపూట కరెంటు పోతే వంటింట్లోకి ఒక్కదాన్నే వెళ్లను. అంతే! అలాంటి నన్ను పట్టుకుని మా చెల్లెలు 'అక్కా, రేపు రాత్రి దెయ్యాలను చూడ్డానికి వెళ్తున్నాం. టికెట్లు కూడా కొనేశా' అంది. అదీ ఎక్కడికి? పబ్బులకి!

గత అక్టోబరులో సెలవు పెట్టి ఎడిన్‌బరా వెళ్లినప్పటి మాట ఇది. చెల్లెలూ మరిదీ ఉద్యోగాలు చేసుకుంటూ అక్కడే ఉంటున్నారు. స్కాట్లాండ్ రాజధాని అది. కొండమీద కోట, కోట దగ్గర్నుంచి కింద రాజప్రాసాదం దాకా 'రాయల్ మైల్' అనే వీధి, దానికి రెండువైపులా ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒత్తిగిల్లాల్సినంత ఇరుకు సందులు. యునెస్కో 1995లో ఈ ఊరి పాతబస్తీనీ కొత్తబస్తీనీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కొత్తబస్తీ అన్నానని నిన్నమొన్నటిది అనుకునేరు... దానికీ రెండొందల ఏళ్లు దాటాయి!

ఫోన్లో సంగతి చెప్పగానే అమ్మ 'ఈ వయసులో పబ్బులేంటే నీకు?' అంది. అమ్మ తప్పేం లేదు. మన ఇళ్లలో ఆ మాటకున్న అర్థం వేరు. అక్కడ పబ్బంటే పగలంతా పెద్దవాళ్లు పేపరు చదువుకుంటూ కూర్చునే చోటు. వేడివేడి సూపు, చేపలు, బంగాళాదుంప వేపుళ్లు దొరుకుతాయి. మందు ముట్టని నాలాంటివాళ్లు నిమ్మసోడా తాగుతూ కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు. 'సరేగానీ, చలికి చెవులకి ఏదన్నా చుట్టుకో' అని అమ్మ ఫోన్ పెట్టేసింది. టికెట్ ఎంతని చెల్లెల్ని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. రూపాయల్లోకి మార్చి చూసుకుంటానని దాని భయం!

పగలు పెద్దమనిషి

రాత్రి ఎనిమిదింటికి పద్నాలుగు మందిమి పోగయ్యాం. సన్నటి తుంపర. నల్లటి అంగీ, చేతిలో లాంతరుతో గైడ్ వచ్చాడు. పాతికేళ్లుంటాయేమో. మొదట నిలబెట్టింది 'డీకన్ బ్రోడీస్ టావెర్న్' ముందు. పైకి చూడమన్నాడు. వేలాడుతున్న బోర్డుకి ఒకవైపు దర్జాగా దుస్తులేసుకున్న పెద్దమనిషి. రెండోవైపు ముసుగేసుకున్న దొంగ. ఇద్దరూ ఒకరే!

విలియం బ్రోడీ పేరున్న వడ్రంగి. వడ్రంగుల సంఘానికి పెద్ద, నగర పాలక మండలిలో సభ్యుడు. బీరువాలూ తలుపులూ చేయించుకునే ధనవంతుల ఇళ్లకు పగలు మర్యాదగా వెళ్లేవాడు. తాళంచెవుల అచ్చులు తీసుకునేవాడు. రాత్రి మళ్లీ అదే ఇంటికి వచ్చేవాడు, ఈసారి చెప్పకుండా! చివరికి ఎక్సైజు ఆఫీసు దోపిడీ వ్యవహారంలో దొరికిపోయాడు. 1788 అక్టోబరు 1న ఉరితీశారు. ఎడిన్‌బరాలోనే పుట్టిన రచయిత ఆర్.ఎల్.స్టీవెన్సన్ వాళ్లింట్లో బ్రోడీ చేసిన బీరువా ఒకటి ఉండేదట. 1886లో వచ్చిన 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్' నవలకు ఈయన కథే ఒక ప్రేరణ అంటారు.

'ఇది దెయ్యం కథ ఎలా అవుతుంది, మనిషి కథే కదా' అన్నాను చెల్లెలి చెవిలో. గైడ్‌కి వినపడినట్టుంది, నవ్వాడు. తెలుగు రాకపోయినా పెదవి విరుపు అర్థమై ఉంటుంది!

చివరి చుక్క

విక్టోరియా స్ట్రీట్ వాలులో కిందికి దిగితే గ్రాస్‌మార్కెట్ వస్తుంది. ఒకప్పటి పశువుల సంత. ఇప్పుడు వరసగా పబ్బులూ హోటళ్లూ. కిటికీల్లో పసుపు దీపాలు, లోపల నవ్వులు. కానీ 1784 దాకా ఇక్కడే జనం చూస్తుండగా ఉరితీసేవారు. అందుకే ఓ పబ్బుకి 'ద లాస్ట్ డ్రాప్' అని పేరు పెట్టారు. గ్లాసులో చివరి చుక్క అనుకోవచ్చు. ఉరికంబం మీంచి చివరిసారిగా కిందికి పడటం అనీ అనుకోవచ్చు. చావుతో కూడా చమత్కారం చేయగలరు ఈ ఊరివాళ్లు!

ఆ పబ్బు కింది గదిలో పాతకాలపు బట్టలేసుకున్న ఓ చిన్నపాప తిరుగుతుందనీ, అక్కడ పనిచేసేవాళ్లని పేరు పెట్టి పిలుస్తుందనీ ఓ కథ. 'వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు' అన్నాడు గైడ్ గొంతు తగ్గించి. ఢిల్లీ నుంచి వచ్చిన కొత్త జంటలో అమ్మాయి భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాకు మాత్రం తెనాలి దగ్గర మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. ఊరి చివర చింతచెట్టు, పక్కన బావి. ఆ బావిలో జడదెయ్యం ఉందనేవారు. మిట్టమధ్యాహ్నం పేరు పెట్టి పిలుస్తుందట. మూడోసారి పిలిచేదాకా పలక్కూడదట! వేసవి సెలవుల్లో పిల్లలందరం మధ్యాహ్నం పెద్దవాళ్లు నిద్రపోగానే అక్కడికి పరిగెత్తేవాళ్లం. బావిలోకి రాళ్లు విసిరి 'జడదెయ్యం... జడదెయ్యం...' అని అరిచి పారిపోయి వచ్చేవాళ్లం. ఓరోజు అమ్మమ్మకి దొరికిపోయాను. వీపు మీద ఒక్కటేసింది. అమ్మమ్మ నన్ను కొట్టింది జీవితంలో ఆ ఒక్కసారే. బావిలో పడిపోతానని భయపడి కొట్టిందనుకున్నా. ముప్పై దాటేదాకా అలాగే అనుకున్నా.

మన ఊరి మనిషినంటూ...

తర్వాత 'వైట్ హార్ట్ ఇన్'. 1516 నాటిదని చెప్పుకుంటారు. స్కాట్లాండ్ జాతీయకవి రాబర్ట్ బర్న్స్ 1791లో ఇక్కడ బస చేశాడు. అయితే గైడ్ చెప్పింది కవి గురించి కాదు, బర్క్, హేర్‌ల గురించి.

అప్పట్లో ఎడిన్‌బరా వైద్యవిద్యకు పెట్టింది పేరు. కోసి చూపించడానికి శవాలు కావాలి. చట్టప్రకారం దొరికేవి చాలా తక్కువ. దాంతో సమాధులు తవ్వి శవాలెత్తుకెళ్లే ముఠాలు పుట్టాయి. వాళ్ల భయానికి సమాధుల మీద ఇనుప పంజరాలు బిగించుకునేవారు. పక్కనే ఉన్న గ్రేఫ్రయర్స్ శ్మశానంలో ఇప్పటికీ వాటిని చూడొచ్చు. కూలి పనులకని ఐర్లాండ్ నుంచి వచ్చిన విలియం బర్క్, విలియం హేర్ ఇంకో అడుగు ముందుకేశారు. హేర్ ఇంట్లో అద్దెకున్న ఓ ముసలాయన జబ్బుచేసి చనిపోయాడు. ఆయన నాలుగు పౌన్లు బాకీ. శవాన్ని డాక్టర్ రాబర్ట్ నాక్స్ పాఠశాలకు అమ్మితే ఏడున్నర పౌన్లు వచ్చాయి. ఇదేదో బాగుందనుకున్నారు! 1828లో వరసగా మనుషుల్ని చంపి అమ్మేశారు. మొత్తం 16 మంది. బర్క్, హేర్ ఈ గ్రాస్‌మార్కెట్ పబ్బుల్లోనే తమకు కావలసినవాళ్లను వెతుక్కునేవారని చెబుతారు.

ఎవర్ని వెతుక్కునేవారు? వెనకాముందూ ఎవరూ లేనివాళ్లని. బిచ్చగత్తెలు, ముసలివాళ్లు, ఊరు కాని ఊరు వచ్చినవాళ్లు. చివరగా చనిపోయినావిడ మార్గరెట్ డాకర్టీ. ఐర్లాండ్ నుంచి వచ్చింది. 1828 అక్టోబరు 31 పొద్దున ఓ కొట్లో బర్క్ ఆమెను పలకరించాడు. మా అమ్మ ఇంటిపేరూ డాకర్టీయే, మనది ఒకే ప్రాంతం అన్నాడు. పరాయి ఊళ్లో మనవాడు దొరికాడని ఆవిడ వెంట వెళ్లింది. ఆ రాత్రి దాటలేదు. ఆ ఇంట్లోనే దిగిన గ్రే దంపతులు గడ్డి కింద దాచిన శవాన్ని చూశారు. నోరు మూసుకుంటే వారానికి పది పౌన్లు ఇస్తామన్నా వినకుండా పోలీసుల దగ్గరికెళ్లారు. ఆ దంపతులూ నిరుపేదలే!

హేర్ అప్రూవర్‌గా మారి బయటపడ్డాడు. బర్క్‌ని 1829 జనవరి 28న ఉరితీసి, శవాన్ని అందరి ముందూ కోశారు. అతని అస్థిపంజరం ఇప్పటికీ ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది. డాక్టర్ నాక్స్ మీద కేసే లేదు. 1832లో చట్టం మారింది. శవాల కొరత తీరడంతో ఆ వ్యాపారం ఆగింది.

చెల్లెలు మాట్లాడలేదు. కాసేపయ్యాక 'నేను వచ్చిన కొత్తల్లో బస్సులో ఎవరైనా తెలుగులో మాట్లాడితే చాలు, వెళ్లి పరిచయం చేసుకునేదాన్నక్కా' అంది. దాని చెయ్యి పట్టుకున్నా. దెయ్యం కోసం కాదు.

ఉరితీసినా బతికింది!

చివరికి మళ్లీ వెనక్కి నడిపించి, 'మ్యాగీ డిక్సన్స్' పబ్బు ముందు ఆపాడు. పబ్బులకి రాజులూ ప్రభువుల పేర్లు పెట్టుకునే దేశంలో చేపలమ్ముకునే మనిషి పేరు!

మ్యాగీది ఎడిన్‌బరా పక్కనే ఉన్న మసెల్‌బరా. భర్త దూరమయ్యాడు. బతుకుతెరువు కోసం కెల్సో అనే ఊరెళ్లి ఓ సత్రంలో పనికి కుదిరింది. అక్కడ గర్భవతైంది. సత్రం వాళ్ల అబ్బాయే కారణమంటారు. ఎవరికీ చెప్పుకోలేక దాచింది. బిడ్డ బతకలేదు. ఏటి ఒడ్డున వదిలేసింది. దొరికిపోయింది.

అప్పట్లో 1690 నాటి చట్టం ఒకటుండేది. ఆడమనిషి గర్భాన్ని దాచి, కాన్పు సమయంలో ఎవర్నీ సాయం పిలవకపోతే, ఆ బిడ్డ చనిపోయినా కనిపించకపోయినా తల్లే చంపినట్టు లెక్క. వేరే రుజువు అక్కర్లేదు. 1724 సెప్టెంబరు 2న మ్యాగీని ఇదే గ్రాస్‌మార్కెట్‌లో ఉరితీశారు. శవపేటికను బండి మీద సొంతూరికి తీసుకెళ్తూ బంధువులు దారిలో ఓ చోట దాహానికి ఆగారు. పేటికలోంచి చప్పుడు! మూత తీస్తే మ్యాగీ కదులుతోంది. శిక్ష అమలైపోయింది కాబట్టి మళ్లీ ఉరితీయడానికి వీల్లేదన్నారు. ఆ తర్వాత నలభై ఏళ్లదాకా బతికిందని చెబుతారు. 'సగం ఉరిపడ్డ మ్యాగీ' అన్న పేరు మిగిలిపోయింది. ఆ చట్టం మారడానికి మాత్రం 1809 దాకా పట్టింది. అప్పటికి ఎందరు మ్యాగీలు... వాళ్లెవరూ పేటికలో కదల్లేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయా. 'ఎవరికీ చెప్పుకోలేక దాచింది' అన్న దగ్గరే ఆగిపోయింది మనసు. చింతచెట్టు పక్కన బావి. జడదెయ్యం. దెయ్యానికి జడ ఎందుకుంది? ఆ జడ వేసుకున్నదెవరు? అన్నేళ్లు రాళ్లేసిన నేను ఒక్కసారీ ఎందుకు అడగలేదు?

అమ్మ చెప్పిన పేరు

ఇంటికొచ్చేసరికి పదిన్నర. మన దగ్గర తెల్లవారుజాము మూడు. అమ్మ అయిదింటికి లేస్తుంది. అక్కడ పన్నెండున్నర అయ్యేదాకా మేలుకుని ఫోన్ చేశా.

'అమ్మా, అమ్మమ్మ వాళ్లూరి బావిలో దెయ్యం ఎవరు?'

'పొద్దున్నే ఆ మాటలేంటే... దెయ్యాల్లో తిరిగొచ్చి పిచ్చెక్కిందా?' అంది. నేనేం మాట్లాడలేదు. అమ్మా చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్లో కాకుల అరుపు వినిపిస్తోంది.

'అమ్మమ్మ స్నేహితురాలే. మన వెనకింటి కోడలు. ఇద్దరూ ఒకే ఏడు కాపరానికొచ్చారు. ఆవిడకి రెండేళ్లకే మొగుడు పోయాడు. ఇరవై నిండలేదు. తర్వాత... నెల తప్పిందన్నారు. ఎవరు కారణమో అందరికీ తెలుసు, అడిగినవాళ్లు లేరు. ఓరోజు తెల్లారేసరికి బావిలో తేలింది. పోలీసులకి తెలియకుండా అప్పటికప్పుడు దహనం చేసేశారు. ఏడవడానికి కూడా వీల్లేదన్నారట ఆ ఇంటివాళ్లు. ఆవిడకి మోకాళ్ల దాకా జడ ఉండేదని అమ్మమ్మ చెప్పేది.'

'అమ్మమ్మ మళ్లీ ఆ బావి నీళ్లు తాగలేదే. దీపావళికి మాత్రం ఇంట్లో దీపాలన్నీ పెట్టాక ఒక ప్రమిద తీసుకెళ్లి ఆ గట్టు మీద పెట్టొచ్చేది. ఎందుకని అడిగితే, చీకటిగా ఉంది కదా అనేది.'

వీపు మీద ఆ దెబ్బ ఇన్నేళ్ల తర్వాత మళ్లీ చురుక్కుమంది. నేను రాళ్లేసింది దెయ్యం మీద కాదు, అమ్మమ్మ స్నేహితురాలి మీద.

పేరడిగాను. అమ్మ చెప్పింది. మామూలు పేరే. మా క్లాసులో అదే పేరున్న అమ్మాయిలు ఇద్దరుండేవారు. ఆ ఇంటివాళ్లు ఇంకా ఆ ఊళ్లో ఉన్నారు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. అలా రాయలేకపోవడమే నాకిప్పుడు సిగ్గుగా ఉంది. స్కాట్లాండులో ఓ చేపలమ్మి పేరుని బోర్డు మీద రాసి, దాని కింద దీపం పెట్టారు. వ్యాపారం కోసమే కావచ్చు. అయినా ఆ దారిన పోయేవాళ్లు ఆమె ఎవరని అడుగుతారు, చెప్పేవాళ్లుంటారు. మన దగ్గర మాత్రం పేరు తీసేసి జడ మిగిల్చాం. కారణమైనవాడు కథలో ఎక్కడా కనిపించడు.

తిరిగొచ్చాక దీపావళికి పాపని తీసుకుని ఆ ఊరెళ్లాను. బావి పూడ్చేశారు. దానిమీద నీళ్ల ట్యాంకు కట్టారు. చింతచెట్టు అలాగే ఉంది. ట్యాంకు గట్టు మీద ప్రమిద వెలిగించబోతుంటే పక్కింటి పిల్లాడొకడు పరిగెత్తుకొచ్చి 'ఆంటీ, అక్కడ జడదెయ్యం ఉంటుంది' అన్నాడు. మా పాప నా కొంగు పట్టుకుంది.

'దెయ్యం కాదు నాన్నా. మా అమ్మమ్మ స్నేహితురాలు' అన్నా. ఆవిడ పేరు చెప్పా. ఇద్దర్నీ ఒకసారి పలకమన్నా.

పలికారు.