పచ్చటి డ్యాష్‌బోర్డు, పలాస వేళ్ళు

మా ఆఫీసులో గోడకి ఒక పెద్ద టీవీ తగిలించారు. అందులో పగలూ రాత్రీ కిబానా డ్యాష్‌బోర్డు నడుస్తూ ఉంటుంది. పొద్దున్నే కాఫీ కప్పుతో వచ్చి దాన్ని ఓసారి చూడటం, ఎర్ర గీత లేకపోతే "హమ్మయ్య" అనుకుని సీట్లో కూలబడటం మా దినచర్య. మీలో చాలామందిదీ ఇదే అయ్యుంటుంది లెండి.

మా కంపెనీ (పేరెందుకులే) చేసేది మైక్రో ఏటీఎం మిషన్ల వెనకాల ఉండే సర్వరు. పల్లెల్లో బ్యాంకు కస్టమర్ పాయింట్లు ఉంటాయి కదా, అక్కడ ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే డబ్బులిస్తారే, అది. మిషను నుంచి రిక్వెస్టు మా దగ్గరికి, మా దగ్గర్నుంచి బ్యాంకుకి, అక్కడ్నుంచి ఎన్‌పీసీఐకి వెళ్తుంది. వేలిముద్ర సంగతి ఆధార్ సంస్థ తేలుస్తుంది, డబ్బు సంగతి ఖాతా ఉన్న బ్యాంకు తేలుస్తుంది. ఇంత ప్రయాణమూ నాలుగైదు సెకన్లలో అయిపోవాలి.

ఆమధ్య ఒకరోజు మా చిన్నమ్మ ఫోన్ చేసింది. ఉండేది కాశీబుగ్గలో.

"ఒరే బావూ, నీది కంప్యూటర్ ఉద్యోగమే కదా. మూడు దినాలై తిరుగుతున్నాను. ఏలెడతాను, పడనేదంటాడు. ఇంకోపాలి ఎట్టమంటాడు. ఎడతాను. పడదు. ఏటి సెయ్యమంటావు?"

"చీటీ ఏమైనా ఇచ్చాడా చిన్నమ్మా?"

ఇచ్చాడు. మా తమ్ముడు దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. కింద చిన్న అక్షరాలతో మా కంపెనీ పేరు! గోడ మీద టీవీ వైపు చూశాను. అంతా పచ్చగా ఉంది.

చీటీ మీదున్న ట్రాన్సాక్షన్ నంబరు కిబానాలో కొట్టాను (ఆధార్ నంబరు లాగుల్లో ఉండకూడదు, అది మాత్రం మేం సరిగ్గానే చేశాం). ఒకే ఒక్క వరుస వచ్చింది. స్టేటస్ 200. సమయం ఒక సెకను కూడా లేదు. అంటే మా లెక్క ప్రకారం మా చిన్నమ్మ మూడు రోజులూ సక్సెస్. అదీ మామూలు సక్సెస్ కాదు, అందరికంటే వేగంగా అయిన సక్సెస్!

జవాబు లోపల విప్పి చూస్తే 300 అని ఉంది. ఇది హెచ్‌టీటీపీ 300 కాదు. ఆధార్ వాళ్ళ ఎర్రర్ కోడ్ 300, వేలిముద్ర సరిపోలలేదని. మా ఏపీఐ దాన్ని 200 అనే కవర్లో పెట్టి మిషనుకి అందించేసింది. డ్యాష్‌బోర్డు కవరు చూస్తుంది, లోపలి ఉత్తరం చూడదు. 500లు వస్తే ఎరుపు, ఐదు సెకన్లు దాటితే ఎరుపు, మిగతాదంతా పచ్చ. ఆ షరతు రాసిందెవరా అని కమిట్లు తిరగేస్తే... నేనే.

ఇంకో తమాషా ఉంది. వేలు పడని రిక్వెస్టు ఖాతా ఉన్న బ్యాంకు దాకా వెళ్ళనే వెళ్ళదు, మధ్యలోనే వెనక్కి వచ్చేస్తుంది. అందుకే అది చురుగ్గా ఉంటుంది. అంటే ఎంత ఎక్కువమంది ఉత్త చేతులతో ఇంటికెళ్తే మా సగటు సమయం అంత బాగా కనిపిస్తుందన్నమాట. ఒక క్వార్టర్లో ఆ సగటు చూపించి మెప్పు కూడా పొందాం.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. లోపలి కోడ్‌ని విడి ఫీల్డుగా తీసి, 300 వచ్చినవాటినే వడకట్టి, ఏజెంటు పిన్‌కోడ్ వారీగా, మొత్తం ప్రయత్నాల్లో వాటా ఎంతో గీయించాను. మిగతా ఊళ్ళ గీతలు చిటికెనవేలంత ఉన్నాయి. పలాస-కాశీబుగ్గ గీత మోచెయ్యంత ఉంది.

పక్క సీటతను "అక్కడ డివైసులు పాడైపోయి ఉంటాయి" అన్నాడు. అతనిది గుంటూరు, అతనికి తెలీదు. నాకు గీత చూడగానే అర్థమైపోయింది. పలాస అంటే జీడిపప్పు. జీడిపిక్క పెంకులో ఉండే నూనెలో అనకార్డిక్ యాసిడ్, కార్డోల్ లాంటివి ఉంటాయి. చర్మం మీద పడితే కాలుస్తాయి. చేతులకి నూనో బూడిదో రాసుకుని పిక్కలు కొట్టినా, కొన్నాళ్ళకి వేళ్ళ కొసలు నల్లబడి పొరలు పొరలుగా ఊడిపోతాయి. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే మా చిన్నమ్మ నాకు అన్నం కలిపి పెట్టేది ఆ వేళ్ళతోనే. అందులో గీతలుండవని నాకు పాతికేళ్ళుగా తెలుసు. తెలిసీ, నేను రాసిన కోడ్‌కి చెప్పలేదు.

మొత్తం రాష్ట్రానికి కలిపి తొంభై అయిదో పర్సెంటైల్ చూసుకుంటూ కూర్చుంటే ఇలాంటి ఊరు ఎప్పటికీ కనపడదు. పిక్కలు కొట్టే ఆడవాళ్ళందరూ కలిసినా ఆ మిగిలిన అయిదు శాతంలో సగం కూడా కారు.

సరే, తవ్వడం మొదలెట్టాక ఆగుతామా? 400 నుంచి 499 దాకా ఉన్నవాటిని "క్లయింటు తప్పు" అని మేం డ్యాష్‌బోర్డులోంచే తీసేశాం. అందులో 499 ఉంది. ఇది ఎంజినెక్స్ సొంతంగా పెట్టుకున్న కోడ్, జవాబు వచ్చేలోపే అవతలివాడు కనెక్షన్ తెంపేసుకుంటే రాస్తుంది. మందస, మెళియాపుట్టి కొండవారల నుంచి ఇవి చాలా వస్తున్నాయి. సిగ్నల్ పోయో, మిషన్ టైమౌటయ్యో తెంపేసుకుంటోంది. మేం గ్రాఫులో గీసేది అప్‌స్ట్రీమ్ సమయం మాత్రమే, అంటే మా వెనకాల సర్వర్లు తీసుకున్నది. మొదటి బైటు రావడం దగ్గర్నుంచి చివరి బైటు పోయేదాకా లెక్కపెట్టే రిక్వెస్ట్ టైమ్ పక్కన పెట్టి చూస్తే, కొండల దగ్గర ఆ రెంటికీ మధ్య తేడా ఎక్కడికో పోయింది.

వేలు పడకపోతే డబ్బు ఖాతాలోనైనా ఉంటుంది. 499లో ఒక్కోసారి ఖాతాలో కోత పడిపోయి, ఆ కబురు మిషనుకి చేరదు. ఏజెంటు డబ్బివ్వడు, ఎలా ఇస్తాడు పాపం? ఇలాంటప్పుడు ఐదు రోజుల్లో సొమ్ము తిరిగి జమ చెయ్యాలని, దాటితే రోజుకి వంద రూపాయలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న సర్క్యులర్ ఇచ్చింది. మంచిదే. కానీ మందు కొనడానికి వచ్చిన మనిషికి ఐదు రోజులంటే?

అసలు మా దాకా రాని రిక్వెస్టులు ఇంకోరకం. వాటికి లాగే లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు, జీడితోటలు, కొబ్బరితోటలు కూలిపోయాయి. అలాంటి రోజున ఆ ఊళ్ళ నుంచి మాకు ఒక్క ఎర్రరూ రాదు. మిషన్లే ఆగిపోతే ఎర్రర్ ఎక్కడిది? బోర్డు నిక్షేపంగా పచ్చగా ఉంటుంది. అందుకని ఇప్పుడు మామూలుగా రోజూ వచ్చే లెక్క కంటే ఏ మండలం నుంచైనా రిక్వెస్టులు బాగా తగ్గితే కూడా అలారం కొట్టేలా పెట్టాం. మిషను కూడా తన ప్రయత్నాలన్నీ లోపల రాసుకుని, సిగ్నల్ దొరికినప్పుడు పంపుతుంది.

మా మేనేజరుతో మాత్రం గట్టి గొడవే అయింది. "బయోమెట్రిక్ మిస్‌మ్యాచ్ మన ఎస్‌ఎల్‌ఏలో లేదు, అది యూజర్ సమస్య" అన్నాడు. ఆయన చెప్పింది కాగితం ప్రకారం నిజమే. నేను ఒప్పించగలిగింది ఒక చిన్న మార్పుకే. రెండుసార్లు 300 వస్తే "ట్రై అగైన్" అని ఇంగ్లీషులో చెప్పడం మానేసి, "వేరే చేతి వేలు పెట్టండి" అని తెలుగులో చూపించడం. పది వేళ్ళలో ఏది పెట్టినా సరిపోతుందని చాలామంది ఏజెంట్లకే తెలీదు మరి.

చిన్నమ్మకి ఫోన్ చేసి ఎడమచేతి ఉంగరంవేలు, చిటికెనవేలు పెట్టి చూడమన్నాను. నాలుగో రోజు చిటికెనవేలికి పడింది. రెండు వేలు తీసుకుంది. తిరిగిన మూడు రోజులూ కూలి పోయిందని చెప్పి, "నీ మిషనుకి కుడిసెయ్యి పనికిరాదేటి?" అంది. నా మిషను కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

టీవీలో ఇప్పుడు పలాస గీత ఎర్రగా ఉంటోంది. క్లయింట్లు వచ్చే రోజున ఆ ప్యానెల్ తీసెయ్యమని రెండుసార్లు మెయిలొచ్చింది. ఇంకా తియ్యలేదు.