గూడూరు గట్టు మీద నీహారిక వేట

సంక్రాంతి రోజుల్లో బందరు రోడ్డు వదిలి, గూడూరు చేల వైపు దిగండి. దీపాలు వెనకబడ్డాక ఆకాశంలో వరసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటి కింద మసక మచ్చే ఒరాయన్ నీహారిక. అక్కణ్నుంచి వెలుగు మన దాకా రావడానికి సుమారు 1,300 ఏళ్లు పట్టింది.

ఫోన్‌తో తీస్తే ఫొటో అంతా ఇసక చల్లినట్టుంటుంది. అదే నాయిస్. యాప్‌లో మరీ నున్నగా చేశారో, ఆ ఇసకతోపాటు నీహారిక అంచులూ పోతాయి!

ట్రైపాడ్ మీద, ఒకే సెట్టింగ్‌తో 16 ఫొటోలు తీయండి. చుక్క మీద చుక్క పడేలా పేర్చి సగటు తీయండి. నీహారిక అన్నిట్లో ఒకేలా ఉంటుంది, నాయిస్ మాత్రం మారిపోతుంటుంది. అందుకే అది దాదాపు నాలుగో వంతుకి తగ్గుతుంది.

లెన్స్ మీద చేరే మంచుని మాత్రం మధ్యమధ్యలో తుడవాల్సిందే. అది సగటుకి లొంగదు.