అరనిమిషం ఆలస్యంగా ఆకాశవాణి

రేడియోని టీవీ చంపేసిందని, మిగిలిన ప్రాణం ఫోన్ తీసేసిందని అంటుంటారు. పుత్తూరులో మా ఇంటి వరకూ ఆ పని చేసింది ఎల్‌ఈడీ బల్బు. మీడియం వేవ్‌లో శబ్దమంతా తరంగం ఎత్తుపల్లాల్లోనే ఉంటుంది. దగ్గర్లో ఏ సర్క్యూట్ గోల పెట్టినా ఆ గోల కూడా అదే ఎత్తుపల్లాల్లో కలిసిపోతుంది. దాన్ని వేరుచేయడం సెట్టు వల్ల కాదు. ఫోన్ చార్జర్లు, వైఫై డబ్బా, ఇన్వర్టర్, చవక బల్బులు, అన్నీ సెకనుకి వేలసార్లు కరెంటును ఆపి వదిలే జాతివే. అవి ఒక్కొక్కటే ఇంట్లోకి వచ్చాయి, వచ్చిన ప్రతిదీ రేడియోకి కాస్త బుర్రుమనే శబ్దాన్ని కలిపింది. కరెంటు పోయినప్పుడు మాత్రం కడప కేంద్రం కడిగిన ముత్యంలా వినిపించేది. "కరెంటు పోతేనే పలికే రేడియో ఎందుకురా" అని అమ్మ దాన్ని తీసి బీరువా మీద పెట్టేసింది.

మా ఊరికి రేడియో చాలా దిక్కుల నుంచి వచ్చేది. మద్రాసు నుంచి రేణిగుంట వెళ్ళే రైలు దారిలో ఉన్న ఊరు కాబట్టి సరుకులూ, సినిమాలూ, మాటలూ కూడా రెండు వైపుల నుంచీ వచ్చేవి. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం వచ్చేదాకా ఆకాశవాణి తెలుగుకి మద్రాసే ఇల్లు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి పిల్లల కార్యక్రమం మొదలుపెట్టింది అక్కడే. 1963లో కడప కేంద్రం వచ్చింది. వీటికి తోడు సముద్రం అవతల నుంచి రేడియో సిలోన్, అందులో మీనాక్షీ పొన్నుదురై తెలుగు. మా పెద్దవాళ్ళు ముల్లు తిప్పుతూ పోతే ఒక అంగుళంలో తమిళం, ఇంకో అంగుళంలో తెలుగు తగిలేవి. రెండూ అర్థమయ్యే ఊరు కాబట్టి ఎక్కడ పాట బాగుంటే అక్కడ ఆగేవాళ్ళు.

ఇప్పుడు ఆ ముల్లు యాప్‌లోకి వచ్చింది. ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్‌లో 240కి పైగా ఆకాశవాణి సేవలు ప్రత్యక్షంగా వినొచ్చు. విజయవాడ, కడప, తిరుపతి, చెన్నై అన్నీ ఒకే వరసలో ఉంటాయి, బుర్రుమనే శబ్దం లేకుండా. చిక్కల్లా ఫోన్‌తోనే. ఫోన్లో రేడియో ఒక్కరిది. చెవిలో పెట్టుకుంటే పక్కవాళ్ళకి వినపడదు. పైకి పెడితే వంటింట్లో కుక్కర్ కూత ముందు నిలవదు. ఎవరైనా ఫోన్ చేస్తే వార్తలు ఆగిపోతాయి.

అందుకే పాత లాప్‌టాప్ ఒకటి తీసి, హాల్లో ఉన్న స్టీరియోకి కలిపాను. స్టీరియో అంటే కంపెనీది కాదు. చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి సామాన్లు తెప్పించి, 4440 ఐసీ బోర్డు మీద మా ఊరి మెకానిక్ అసెంబుల్ చేసిన ఆంప్లిఫయర్, రెండు చెక్కపెట్టెల స్పీకర్లు. నాయన ముచ్చటపడి చేయించుకున్నది. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఆంప్లిఫయర్ వెనక ఎరుపు, తెలుపు పిన్నులకి ఒక వైరు చాలు. లాప్‌టాప్‌లో వాల్యూమ్ బాగా పెంచి, ఆంప్లిఫయర్‌లో తగ్గించి పెట్టుకుంటే శబ్దం శుభ్రంగా వస్తుంది. మూత మూసినా నిద్రపోకుండా సెట్టింగ్ మార్చాలి. చార్జర్ పెట్టగానే స్పీకర్లలో 'మ్మ్' అని ఒక హోరు మొదలైంది, పీకేస్తే ఆగిపోయింది. మీడియం వేవ్‌ని చెడగొట్టిన చార్జర్ జాతే ఇక్కడా దారి వెతుక్కుంది. చార్జర్ నుంచి లీకయ్యే కరెంటు ఆడియో వైరు గ్రౌండు మీదుగా ఆంప్లిఫయర్‌లోకి పోతుంది. మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లున్న ఐసొలేటర్ ఒకటి పెడితే పాట దాటుతుంది, హోరు ఆగుతుంది.

ఆ మధ్యాహ్నం వచ్చిన వయొలిన్ కచేరీని నేను అంతకుముందు వినని విధంగా విన్నాను. మన దగ్గర మీడియం వేవ్‌లో ఒక్కో స్టేషన్‌కి తొమ్మిది కిలోహెర్ట్జ్‌ల దూరం ఇస్తారు. అంటే శబ్దంలో నాలుగున్నర కిలోహెర్ట్జ్‌ల పైనున్నదంతా దాదాపు పోయినట్టే. కమాను తీగ మీద గీసుకునే గరుకుదనం అక్కడే ఉంటుంది. అది ఇప్పుడు వినిపిస్తోంది. అనౌన్సర్ కాగితం తిప్పిన చప్పుడు కూడా వినిపించింది. అమ్మ వంటింట్లోంచే "ఎవురురా వాయించేది" అని అడిగింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఇద్దరం వేర్వేరు గదుల్లో ఉండి ఒకే పాట విన్నాం.

మర్నాడు పొద్దున తిరుపతి కేంద్రం పెట్టాను. ఎఫ్.ఎం.కి బల్బుల బెడద తక్కువ కాబట్టి ఎదురింటి పెద్దమ్మ చిన్న ట్రాన్సిస్టర్‌లో అదే కేంద్రం వింటుంది. కిటికీలు తెరిచి ఉన్నాయి. ఆమె రేడియోలో వార్త అయిపోయి ఇంకో వార్త మొదలైతే, మా రేడియోలో పాత వార్త మొదలైంది. అమ్మ రెండు నిమిషాలు ఓపిక పట్టి, "అయిపోయిన మాటనే మళ్ళా చెప్తా ఉండాదేందిరా మనది" అని, వెళ్ళి స్టీరియో కట్టేసింది. మిగిలిన వార్తలు గుమ్మంలో నిలబడి ఎదురింటి రేడియోలో వింది.

కారణం చెప్పడం నాకు సులువే. తిరుపతి నుంచి పుత్తూరుకి తరంగం రావడానికి సెకనులో పదివేలవ వంతుకి కాస్త ఎక్కువ పడుతుంది. స్ట్రీమ్ అలా రాదు. 2009లో ఆపిల్ తెచ్చి, ఇప్పుడు చాలామంది వాడుతున్న పద్ధతిలో సర్వర్ శబ్దాన్ని ఆరేసి సెకన్ల ముక్కలుగా కోస్తుంది. నెట్ తడబడినా పాట ఆగకుండా మన ప్లేయర్ మూడు ముక్కలు వెనకనుంచి మొదలుపెడుతుంది. అక్కడికే పద్దెనిమిది సెకన్లు. దారిలో మిగతా పనులు కలిస్తే అరనిమిషం. నెట్ ఎంత వేగంగా ఉన్నా ఈ ఆలస్యం పోదు, ఎందుకంటే అది కావాలని పెట్టుకున్న నిలవ. పైగా ఒక్కో ఇంట్లో ఒక్కో ఆలస్యం. రెండిళ్ళలో ఒకే యాప్ పెట్టినా రెండూ కలిసి పలకవు.

వార్తలకి ముందు వచ్చే బీప్‌లు విని గోడగడియారం సరిచేసుకోవడం నాయన అలవాటు. స్టీరియోలో అదే పని చేస్తే గడియారం అరనిమిషం వెనకబడుతుంది. అరనిమిషంతో ఏం మునిగిపోతుంది అనొచ్చు. ఏమీ మునగదు. కానీ రేడియో వినడం అంటే వీధి మొత్తం ఒకే క్షణంలో ఒకే మాట వినడం కూడా అని నాకు ఆ కిటికీ దగ్గరే తెలిసింది. వైరు కలిపితే పాట ఫోన్లోంచి ఇంట్లోకి వస్తుంది. వీధిలోకి మాత్రం పోలేదు.

ఇది ఒట్టి పాత రోజుల మీద బెంగ అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వానకి మా వీధిలో ముందు కరెంటు పోయింది, దాంతో వైఫై పోయింది, కొన్ని గంటల తర్వాత ఫోన్ సిగ్నల్ కూడా పోయింది. రెండు పెన్సిల్ సెల్లుల మీద ఎదురింటి ట్రాన్సిస్టర్ ఒక్కటే పలికింది. స్ట్రీమ్‌లో వినేవాళ్ళు పెరిగేకొద్దీ ఒక్కొక్కరికి ఒక్కో కాపీ పంపాలి. ట్రాన్స్‌మిటర్‌కి ఒకరు విన్నా లక్షమంది విన్నా ఖర్చు ఒకటే. అందరూ ఒకేసారి వినాల్సిన రోజునే నెట్ పడిపోతుంది. ప్రసార భారతి పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను తగ్గించుకుంటూ వస్తోంది. వాటికి అయ్యే కరెంటు, స్థలం, మరమ్మతు చూస్తే అందులో న్యాయం లేకపోలేదు. బదులుగా ఎఫ్.ఎం. పెంచితే మంచిదే. "యాప్‌లో అన్నీ ఉన్నాయి కదా" అనే సమాధానం దగ్గరే నాకు అభ్యంతరం. యాప్ మంచి స్టీరియోకి మంచి జత. ట్రాన్స్‌మిటర్‌కి బదులు కాదు.

ఇప్పుడు మా ఇంట్లో రెండూ ఉన్నాయి. మధ్యాహ్నం కచేరీలకి, విజయవాడ నాటకాలకి స్టీరియో. పొద్దున వార్తలకి అమ్మ కొనిపించుకున్న చిన్న ఎఫ్.ఎం. సెట్టు. బెంగళూరులో నేను తిరుపతి స్ట్రీమ్ పెట్టుకుని అమ్మకి ఫోన్ చేస్తే, ఆమె గొంతు వెనక వాతావరణం వార్త వినిపిస్తుంది. ఊళ్ళో వాన పడబోతుందని ఫోన్లో తెలిసిన అరనిమిషానికి, నా స్పీకర్లు అదే మాట చెబుతాయి.