గ్రెషమ్ కళాశాల: హాలులోని ఉపన్యాసం, తెర మీది ఉపన్యాసం

లండన్ నగరంలోని హోబర్న్ వీధిలో, ఛాన్సరీ లేన్ భూగర్భ రైల్వే స్టేషనుకు దగ్గరలో, భవనాల వరుస నడుమ నుంచి లోపలికి పోయే ఇరుకు దారి చివర బార్నార్డ్స్ ఇన్ హాలు ఉంది. ఇక్కడ ఇన్ అంటే పూటకూళ్ల ఇల్లు కాదు. న్యాయశాస్త్రం నేర్చుకునే యువకులు, కోర్టు గుమాస్తాలు ఒకచోట ఉండి, భోంచేసి, చదువుకునే వసతిగృహాలను పూర్వం అలా పిలిచేవారు. గ్రేస్ ఇన్ అనే పెద్ద న్యాయవాద సంస్థకు ఇది అనుబంధంగా ఉండేది. 15వ శతాబ్ది తొలినాళ్లదిగా చెప్పే కలప పైకప్పు, 16వ శతాబ్దంలో గోడలకు బిగించిన చెక్క పలకలు, కిటికీ అద్దాల మీది వంశచిహ్నాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. నారబట్టను నిలువు మడతలు పెట్టి వేలాడదీసినట్లు కనిపించేలా ఆ పలకలను చెక్కారు. దగ్గరికి వెళ్లి చూస్తే, మడత అంచు ఎక్కడ తిరిగిందో అక్కడ ఉలి గాటు పల్చబడటం కూడా తెలుస్తుంది. డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ నవలలో కథానాయకుడు పిప్ లండన్ వచ్చి మొదట బస చేసింది ఈ బార్నార్డ్స్ ఇన్‌లోనే, అయితే ఆ నవలలో దీనికి దక్కినవి మంచి మాటలేమీ కావు.

ఈ హాలు 1991 నుంచి గ్రెషమ్ కళాశాలకు నెలవు. కళాశాల అని పేరే గాని ఇందులో ప్రవేశ పరీక్ష లేదు, హాజరుపట్టీ లేదు, జీతం కట్టి చదివే విద్యార్థి లేడు, పట్టా ఇచ్చే పద్ధతి అసలే లేదు. ఆచార్యులు వచ్చి ఉపన్యసిస్తారు, వినదలచినవారు వచ్చి వింటారు. 1597లో మొదలైన నాటి నుంచి ఈ సంస్థ చేస్తున్న ముఖ్యమైన పని ఇదొక్కటే. ఒక్కో ఆచార్యుడు సాధారణంగా మూడేళ్లపాటు ఆ పదవిలో ఉండి ఏడాదికి ఆరు ఉపన్యాసాలు ఇస్తాడు. వారి ఉపన్యాసాలూ అతిథులవీ కలుపుకొని ఏటా నూటికి పైగా కార్యక్రమాలు ఉచితంగా జరుగుతాయి. ఇప్పుడు వాటిని హాలులో కూర్చుని వినేవారికంటే ఎక్కడెక్కడో తెర ముందు కూర్చుని వినేవారే ఎక్కువ. అందువల్ల ఈ కళాశాలను చూసి రావడం అంటే ఒక పాత హాలును చూడటం మాత్రమే కాదు, అదే ఉపన్యాసాన్ని తెర మీద కూడా విని రెంటినీ పోల్చుకోవడం.

స్థాపకుడు సర్ థామస్ గ్రెషమ్ పేరు తెలుగునాట అర్థశాస్త్రం చదివిన ప్రతివారికీ తెలిసినదే. చెడ్డ డబ్బు మంచి డబ్బును చలామణిలోంచి తరిమివేస్తుందన్న సూత్రం పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరుతోనే ఉంది, అయితే ఆ పేరు పెట్టినది మాత్రం 19వ శతాబ్దపు అర్థశాస్త్రవేత్త హెన్రీ డన్నింగ్ మెక్‌లియడ్. గ్రెషమ్ వృత్తిరీత్యా వర్తకుడు; ఇంగ్లండు రాజకుటుంబానికి ఆంట్‌వెర్ప్ నగరంలో అప్పులు కుదిర్చి పెట్టిన ప్రతినిధి; లండన్ వర్తకులు ఒక కప్పు కింద చేరి బేరాలు చేసుకోవడానికి రాయల్ ఎక్స్‌ఛేంజ్ అనే విపణి భవనాన్ని కట్టించినవాడు. ఆయన 1579లో మరణించాడు. ఆ విపణిలోని దుకాణాల అద్దెలతో ఏడుగురు ఆచార్యులను పోషించి, ఖగోళశాస్త్రం, జ్యామితి, సంగీతం, వేదాంతం, న్యాయం, వైద్యం, అలంకారశాస్త్రం అనే ఏడు విషయాల మీద నగర ప్రజలకు ఉచితంగా ఉపన్యాసాలు ఇప్పించాలని వీలునామా రాశాడు. భార్య జీవితకాలం ముగిశాక అది అమలులోకి వచ్చింది. మొదటి నాలుగు పీఠాలను నగర పాలక సంస్థకూ, మిగిలిన మూడింటినీ మెర్సర్స్ కంపెనీ అనే వస్త్ర వర్తకుల శ్రేణికీ అప్పగించారు. ఆ రెండు సంస్థలే నేటికీ కళాశాల ఖర్చు భరిస్తున్నాయి. ఒక్కో ఆచార్యుడికి ఏడాదికి 50 పౌన్ల జీతం, ఉండటానికి గ్రెషమ్ సొంత భవనంలో వసతి ఏర్పాటయ్యాయి, కానీ పెళ్లి చేసుకుంటే మాత్రం పదవి వదులుకోవాలన్న నియమం ఉండేది.

ఆ తొలి నియమాల్లో సంగీత పీఠానికి సంబంధించినది ఈనాటి కార్యక్రమాలను అర్థం చేసుకోవడానికి చాలా ఉపకరిస్తుంది. సంగీతాచార్యుడు గంటసేపటి సభలో సుమారు అరగంట శాస్త్రం చెప్పి, మిగిలిన సమయం గాత్రంతోనో వాద్యాలతోనో చేసి చూపించాలని ఆ నియమం. లక్షణం చెప్పి వెంటనే లక్ష్యం పాడి చూపించే ఈ పద్ధతి కర్ణాటక సంగీత సభల్లో సోదాహరణ ప్రసంగం పేరుతో తెలుగువారికి బాగా పరిచయమైనదే. మొదటి సంగీతాచార్యుడు జాన్ బుల్ అప్పటికే పేరుపొందిన వాద్యకారుడు, స్వరకర్త; లాటిన్ రాకపోవడం వల్ల ఆయనకు ఇంగ్లీషులోనే ఉపన్యసించేందుకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు, పదేళ్ల తర్వాత పెళ్లి కోసం ఆయన పదవి వదులుకున్నాడు. తక్కిన ఆచార్యులు మాత్రం ఒకే ఉపన్యాసాన్ని పరదేశీయ పండితుల కోసం లాటిన్‌లో ఒకసారి, ఊరివారి కోసం ఇంగ్లీషులో మరొకసారి చెప్పవలసి ఉండేది.

ఈ ఉచిత ఉపన్యాసాల నుంచి పుట్టిన పరికరాలు రెండు తెలుగు పల్లెల దాకా వచ్చాయి. మొదటి జ్యామితి ఆచార్యుడు హెన్రీ బ్రిగ్స్, స్కాట్లండుకు చెందిన జాన్ నేపియర్ కనిపెట్టిన లాగరిథమ్‌లను గ్రెషమ్ శ్రోతలకు వివరించి, 1615లోనూ ఆ మరుసటి ఏడూ ఎడిన్‌బరో వెళ్లి ఆయనను కలుసుకుని, పది ఆధారంగా గల లాగరిథమ్‌లను లెక్కగట్టి 1617లో తొలి పట్టికను వెలువరించాడు. కాలిక్యులేటర్ రాకముందు ఇంటర్మీడియట్ విద్యార్థి పరీక్షకు పట్టుకెళ్లిన లాగ్ టేబుల్స్ పుస్తకానికి మూలం అదే. 1619 నుంచి 1626 దాకా ఖగోళ ఆచార్యుడిగా ఉన్న ఎడ్మండ్ గంటర్, నావికులకూ భూమి కొలిచేవారికీ పనికివచ్చే సాధనాలు తయారుచేయడంలో దిట్ట. 66 అడుగుల పొడవు, 100 లింకులు గల గొలుసును ఆయన రూపొందించాడు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. మద్రాసు రాష్ట్రపు సర్వే పద్ధతి నడిచిన ఆంధ్ర జిల్లాల్లో పొలం కొలతల పుస్తకంలో గట్టు పొడవులు లింకుల్లో ఉండటానికీ, నేటికీ ఇళ్ల స్థలాల బేరం సెంట్లలో సాగడానికీ ఆ గొలుసే కారణం. నావికులకు, వర్తకులకు, సర్వేదారులకు కావలసిన గణితాన్ని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లు అంతగా పట్టించుకోని రోజుల్లో, ఓడరేవుకు దగ్గరగా ఉన్న గ్రెషమ్ భవనంలో, ఎవరైనా వచ్చి వినగల ఉపన్యాసంగా అది దొరకడమే ఈ కళాశాల చేసిన అసలు మేలు అనిపిస్తుంది. ఖగోళ ఆచార్యుడు క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసం ముగిశాక, 1660 నవంబరు 28న, పన్నెండుమంది కూర్చుని రాయల్ సొసైటీకి అంకురార్పణ చేసింది కూడా ఈ కళాశాలలోనే.

అయితే శ్రోతలు ఎప్పుడూ కిటకిటలాడారనుకోవడం పొరపాటు. జ్యామితి ఆచార్యుడు రాబర్ట్ హుక్ తన దినచర్యలో ఉపన్యాసానికి ఎవరూ రాని రోజులను నమోదు చేసుకున్నాడు. 1768లో పాత భవనం చేయి జారిపోయి, ఉపన్యాసాలు రాయల్ ఎక్స్‌ఛేంజ్ పై అంతస్తులోని ఒక గదికి చేరాక, కళాశాల చాలాకాలం పేరుకు మాత్రమే మిగిలింది. ఉచితంగా ఇస్తే చాలు, జనం వాళ్లంతట వాళ్లే వస్తారన్న నమ్మకాన్ని ఈ సంస్థ చరిత్రే సమర్థించదు.

ఈ పరిస్థితిని మార్చినది కెమెరా. 2001 నుంచి ప్రతి ఉపన్యాసాన్నీ రికార్డు చేసి ఇంటర్నెట్‌లో ఉంచడం మొదలుపెట్టారు; ఇప్పుడు ఆ భాండాగారంలో రెండు వేలకు పైగా ఉపన్యాసాలు ఉన్నాయి. 2020 మార్చిలో కోవిడ్ వల్ల లండన్ మూతపడినప్పుడు చాలా విద్యాసంస్థలు తెర మీద బోధించడం ఎలాగో కొత్తగా నేర్చుకోవలసి వస్తే, ఇరవయ్యేళ్లుగా కెమెరా ముందు మాట్లాడటం అలవాటైన ఈ కళాశాల అంత తడబడలేదు. జ్యామితి పీఠానికి నాలుగు శతాబ్దాల చరిత్రలో తొలి మహిళా ఆచార్యురాలైన సారా హార్ట్ బాధ్యత స్వీకరించింది ఆ 2020లోనే. గణితానికీ సంగీత సాహిత్యాలకూ ఉన్న సంబంధాలను వివరించే ఆమె ఉపన్యాసాలు, శాస్త్రాన్నీ కళనూ ఒకే గంటలో కలిపి చెప్పాలన్న పాత సంప్రదాయాన్ని మరో దారిలో కొనసాగించాయి.

కార్యక్రమం సాగే తీరు నిరాడంబరంగా ఉంటుంది. వినదలచినవారు హాలుకు వస్తారో, తెర మీద వింటారో తెలిపి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. రెండింటికీ రుసుము లేదు. సాధారణంగా సాయంత్రం ఆరు గంటలకు మొదలయ్యే ఉపన్యాసం గంటలోపు ముగుస్తుంది, చివర కొద్ది నిమిషాలు ప్రశ్నలకు కేటాయిస్తారు. హాలులో ఉన్నవారు చేయి ఎత్తి అడుగుతారు. దూరంగా ఉన్నవారు ప్రశ్నను టైపు చేసి పంపితే సభ నిర్వహించేవారు చదివి వినిపిస్తారు. తేడా తెలిసేది ఇక్కడే. హాలులోని ప్రశ్నకర్తకు జవాబు నచ్చకపోతే మొహంలోనే తెలిసిపోతుంది, ఉపన్యాసకుడు మరో మాట చేర్చి సర్దిచెబుతాడు. తెర అవతలి ప్రశ్నకర్తకు మారు ప్రశ్న వేసే అవకాశం దాదాపు లేదు. ఉపన్యాసకుడి చతురోక్తికి హాలు నవ్వితే ఆ నవ్వు తెర దాకా వస్తుంది గాని, తెర ముందరి నవ్వు హాలుకు చేరదు. తెర మీది ఉపన్యాసం రక్తికట్టడానికి చాలావరకు కారణం హాలులో ఎదురుగా కూర్చున్న ఆ కొద్దిమందే. ఖాళీ గదిలో కెమెరాతో మాత్రమే మాట్లాడిన ఉపన్యాసాలను వీటి పక్కన పెట్టి చూస్తే మాటల వేగంలోనే తేడా పట్టుబడుతుంది.

సంగీత కార్యక్రమాల సంగతి వేరు. శాస్త్రం చెప్పే భాగం తెర మీద ఇంకా మెరుగ్గా అందుతుంది: స్వరలిపి తెర నిండా కనబడుతుంది, వాద్యకారుడి వేళ్లు మొదటి వరుసలో కూర్చున్నవారికి కూడా కనిపించనంత దగ్గరగా కనిపిస్తాయి, అర్థం కాని చోట వెనక్కి తిప్పి మళ్లీ వినవచ్చు. చేసి చూపించే భాగం మాత్రం నష్టపోతుంది. ధ్వనిని కుదించి పంపే ఏర్పాటులో అతి సన్నని శబ్దాలూ, వాద్యం ఆగాక చెక్క గోడల మధ్య కాసేపు నిలిచే అనురణనమూ పలుచబడతాయి. ఫోను స్పీకరులో వినేవారికి మంద్రస్థాయి స్వరాలు దాదాపు వినబడవు. ఉపన్యాసంతో పాటు ఉంచే లిఖిత ప్రతిలో ఎలాగూ మాటలే ఉంటాయి, సంగీతం ఉండదు. పాత నియమం శాస్త్రానికి సుమారు అరగంట ఇచ్చి మిగతా సమయాన్ని సంగీతానికి వదిలితే, తెర ఆ రెండు భాగాలనూ సమానంగా మోయలేకపోతోంది.

భాష విషయంలో కళాశాల ఒక అడుగు వెనక్కి వేసిందనే చెప్పాలి. 1597లో పరదేశి శ్రోత కోసం అదే ఉపన్యాసం లాటిన్‌లో మరోసారి జరిగేది; ఇప్పుడు ప్రపంచమంతా శ్రోతలున్నా ఉపన్యాసం ఇంగ్లీషులోనే. లిఖిత ప్రతి, స్లైడ్లు ఉచితంగా దించుకునే వీలుండటం వల్ల లోటు కొంత తీరుతుంది. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలిగినా వేగంగా వినలేని తెలుగు విద్యార్థికి, వీడియో కంటే ముందు ఆ ప్రతి చదవడమే మేలైన మార్గం.

2020 వేసవిలో తెలుగు రాష్ట్రాల కళాశాలలు కూడా వెబినార్లు, అంటే ఇంటర్నెట్ మీద జరిపే సదస్సులు, విరివిగా నిర్వహించాయి. వాటిలో చాలావాటికి లింకుతో పాటు ఫీడ్‌బ్యాక్ ఫారం, దాని వెనుక ఈ-సర్టిఫికెట్ ఉండేవి. వక్త ఇంకా మాట్లాడుతుండగానే సర్టిఫికెట్ లింకు ఎప్పుడు పెడతారని చాట్‌లో ప్రశ్నలు వరుస కట్టేవి. అధ్యాపకుల పదోన్నతికీ, న్యాక్ గుర్తింపు నివేదికకూ ఆ కాగితాలు అవసరం కాబట్టి తప్పు అడిగినవారిది మాత్రమే కాదు. గ్రెషమ్‌లో ఇవ్వడానికి సర్టిఫికెట్ అనేదే లేకపోవడం వల్ల వినడానికి వచ్చినవారు వినడానికే వస్తారు. ఆ వెబినార్లలో ఎంతోమంది మంచి పండితులు మాట్లాడినా, విషయాల వారీగా అమర్చి, లిఖిత ప్రతి జోడించి భద్రపరిచినవి అరుదు. డబ్బుతో పెద్దగా పనిలేని ఈ పనిని ఇక్కడి కళాశాలలు ఇప్పుడైనా చేపట్టవచ్చు.

హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఉండి గ్రెషమ్ ఉపన్యాసాన్ని ప్రత్యక్షంగా వినాలనుకునేవారు గడియారం చూసుకోవాలి. లండన్‌లో సాయంత్రం ఆరు అయ్యేసరికి ఇక్కడ శీతాకాలంలో రాత్రి పదకొండున్నర, వారు గడియారాలు ముందుకు తిప్పుకునే వేసవి నెలల్లో పదిన్నర. మధ్యాహ్నం ఒంటిగంటకు జరిగేవి కొన్ని ఉంటాయి, అవి మన సాయంకాలానికి అనువుగా వస్తాయి. మరునాడు రికార్డింగు చూసేవారికి ఉపన్యాసంలో ఒక్క మాటా తగ్గదు గాని, ప్రశ్న అడగాలంటే మాత్రం మేలుకోక తప్పదు.