జాబితాలోని పేరు

వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసిందిగా సంపాదకవర్గంవారు కోరినప్పుడు, తెలుగు ఉపన్యాసకుణ్ణి గనుక ఏ ప్రబంధాన్ని గూర్చియో, ఏ శతకకవిని గూర్చియో వ్రాస్తానని వారు భావించి ఉంటారు. కాని నేను ఫుట్‌బాల్ ఆటను గూర్చి వ్రాయబోతున్నాను. అందునా, నేనెన్నడూ చూడని స్కాట్లండ్ దేశంలో ఒక క్లబ్బు బాలురను ఆటగాళ్లుగా తీర్చిదిద్దడానికి వెచ్చించిన ధనాన్ని గూర్చి వ్రాయబోతున్నాను. ఇందుకు కారణమైన సంఘటనలు రెండు. వాటిని ముందుగా మనవి చేస్తాను.

మొదటిది నా పదహారవ యేట జరిగినది. మా పట్టణంలో జిల్లా జట్టుకు ఎంపికలు పెట్టి మూడు రోజులు మమ్మల్ని ఆడించారు. నాలుగవనాటి ఉదయం మైదానం గేటుకు జాబితా అంటించారు. సైకిలు గోడకానించి చూశాను. ఏడవ వరుసలో నా పేరున్నది! గుండె ఎగిరిపడింది. మరుక్షణంలో పక్కనున్న తండ్రి పేరు చదివాను. అది మా అబ్బా పేరు కాదు. నా పేరే గల మరొక కుర్రవానిది ఆ స్థానం. నన్నెందుకు వద్దన్నారో ఆనాడు ఎవరూ చెప్పలేదు, ఆ తరువాతనూ చెప్పలేదు. ఇంటికి వచ్చి బూట్లు అటకమీద పెట్టాను. మళ్లీ దింపలేదు.

రెండవది ఈ విద్యాసంవత్సరంలో జరిగినది. మన విద్యార్థి ఒకడు విశ్వవిద్యాలయపు జట్టు ఎంపికలకు వెళ్లి, ఎంపిక కాకుండా తిరిగివచ్చాడు. అతని ప్రయాణపు ఖర్చు పద్దును సమావేశంలో చదువుతుండగా పెద్దలొకరు, “కుర్రవాడు ఎంపికే కాలేదు గదా, మరి ఆ డబ్బు ఏమైనట్లు?” అని అడిగారు. ప్రశ్నలో దురుద్దేశమేమీ లేదు. కళాశాల సొమ్ము పదిమంది చందాలతో కూడినది. దానికి లెక్క అడగడం వారి ధర్మం. కాని నాకు సమాధానం తోచలేదు. ఆ సమాధానాన్ని వెతుక్కుంటూ పోగా పోగా, ఎడింబరో నగరంలోని హిబర్నియన్ అనే క్లబ్బు చరిత్ర నా చేతికి చిక్కింది.

ఆ క్లబ్బు 1875లో పుట్టింది. బతుకుతెరువుకై ఐర్లండు నుండి వలసవచ్చి ఎడింబరో మురికివాడలలో తలదాచుకొన్న బీదకుటుంబాల కుర్రవాళ్లు, తమ చర్చి ఫాదరీ అండతో దానిని స్థాపించుకొన్నారు. ఒక అల్పసంఖ్యాక వర్గం తన పిల్లల కోసం నిలబెట్టుకొన్న సంస్థ అది. మన కళాశాల పుట్టుకను ఎరిగిన పెద్దలకు ఆ కథ కొత్తగా తోచదు. 1948, 1951, 1952 సంవత్సరాలలో ఆ జట్టు స్కాట్లండ్ లీగు విజేత అయింది. 1955లో యూరపియన్ కప్పు పోటీలు మొదలైనప్పుడు, వాటిలో పాల్గొన్న మొట్టమొదటి బ్రిటిష్ క్లబ్బు కూడా అదే. కాని పూర్వవైభవం కూటికి రాదు గదా! ఈ శతాబ్దపు తొలినాళ్లలో స్కాట్లండ్ క్లబ్బులకు టెలివిజన్ ద్వారా రావలసిన ఆదాయం దెబ్బతిన్నది. పేరుపొందిన ఆటగాళ్లను కొనే స్తోమత చాలా క్లబ్బులకు లేకపోయింది. అప్పుడు హిబర్నియన్ వారికి మిగిలిన దారి ఒక్కటే: కొనలేనివాటిని పెంచుకోవడం.

అలా ఆ మైదానంలో పెరిగిన కుర్రవాళ్లు గారీ ఓకానర్, డెరెక్ రియోర్డన్, స్కాట్ బ్రౌన్, కెవిన్ థామ్సన్, స్టీవెన్ విట్టకర్, స్టీవెన్ ఫ్లెచర్. ఒకే క్లబ్బులో, ఒకే కాలంలో, ఇంతమంది సొంతబిడ్డలు ఎదిగిరావడం అరుదు. 2007 మార్చి 18న గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్కులో జరిగిన లీగ్ కప్పు తుదిపోటీలో కిల్మార్నక్ జట్టును 5–1 తేడాతో ఓడించారు. ఆనాటి గోలుల్లో రెండు, పందొమ్మిదేళ్ల ఫ్లెచర్ చేసినవి.

కాని ఆ విజయోత్సవం నాటికే పంట అమ్మకం మొదలయింది. ఓకానర్ 2006లో మాస్కో వెళ్లాడు. ఆ సంవత్సరమే రియోర్డన్ సెల్టిక్ క్లబ్బుకు వెళ్లాడు. ఒప్పందకాలం ముగింపునకు వచ్చి ఉండటంతో అతనికి దక్కిన వెల స్వల్పం. 2007 జనవరిలో థామ్సన్‌ను రేంజర్స్ వారు సుమారు 20 లక్షల పౌన్లకు కొన్నారు. కప్పు గెలిచిన రెండు నెలలకు బ్రౌన్ 44 లక్షల పౌన్లకు సెల్టిక్‌కు వెళ్లాడు. స్కాట్లండ్‌లోని రెండు క్లబ్బుల మధ్య అంతకు ముందెన్నడూ అంత సొమ్ము చేతులు మారలేదు. విట్టకర్ కూడా ఆ వేసవిలోనే వెళ్లిపోయాడు. 2009లో ఫ్లెచర్ ఇంగ్లండులోని బర్న్‌లీకి వెళ్లాడు.

ఇది చదివినప్పుడు నా మనస్సు చివుక్కుమన్నది. దూడను ముద్దుగా పెంచి సంతకు తోలినట్లున్నదే అనుకొన్నాను. ఆ జట్టు అభిమానులు కూడా బాధపడి ఉంటారు. కాని తరువాతి పుట లేకుండా ఈ కథ పూర్తి కాదు. ఆ కుర్రవాళ్లు తెచ్చిపెట్టిన సొమ్ముతో క్లబ్బువారు ఎడింబరోకు తూర్పున, ఆర్మిస్టన్ గ్రామసమీపంలో ఈస్ట్ మెయిన్స్ అనే చోట ఒక శిక్షణాకేంద్రాన్ని నిర్మించారు. సుమారు 50 లక్షల పౌన్ల ఖర్చుతో కట్టిన ఆ కేంద్రం 2007 డిసెంబరులో ప్రారంభమయింది. ఆ దేశంలో డిసెంబరు మాసంలో సాయంత్రం నాలుగు గంటలు కాకముందే సూర్యాస్తమయం అవుతుంది. బడి విడిచివచ్చిన పిల్లవాడు చీకటిలో, మంచులో ఏమి నేర్చుకొంటాడు? అందుకే దీపాలు కావాలి, కప్పు క్రింద ఆడుకొనే చోటు కావాలి, గురువులు కావాలి, దెబ్బ తగిలితే చూచే వైద్యులు కావాలి. అన్నలు అమ్ముడుపోగా వచ్చిన సొమ్ము తమ్ముళ్లకు నీడ అయింది. ఫలాన్ని అమ్ముకొన్న రైతు ఆ డబ్బును తిరిగి ఆ నేలకే పెట్టాడన్నమాట. పెట్టుబడికీ ఖర్చుకూ గల భేదం నాకక్కడ కనిపించింది. పండును తిని ఊరుకొంటే అది ఖర్చు. టెంకను నాటితేనే అది పెట్టుబడి.

టెంక నాటినంత మాత్రాన ప్రతి యేడూ కాపు వస్తుందని కాదు. ఈస్ట్ మెయిన్స్ వెలసిన ఏడేళ్లకు, 2014లో, హిబర్నియన్ జట్టు క్రింది శ్రేణికి పడిపోయింది. అయినా ఆ కేంద్రానికి తాళం వేయలేదు. రెండేళ్ల తరువాత, 2016 మే 21న, ఆ జట్టే స్కాటిష్ కప్పు గెలిచింది. అంతకు ముందు ఆ కప్పు వారికి దక్కినది 1902లో. నడుమ గడచినవి 114 సంవత్సరాలు! విద్యాసంస్థలకైనా, క్లబ్బులకైనా ఓర్పు ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటె దృష్టాంతం ఏమి కావాలి?

ఇంతవరకు చెప్పినది గెలిచినవారి కథ. నా చూపు మాత్రం ఏడవ వరుస మీదనే నిలిచి ఉన్నది. ఆ కేంద్రాలలో చేరిన బాలురలో అత్యధికులు ఎన్నడూ పెద్దజట్టుకు ఆడరు. పన్నెండేళ్లకో, పదిహేనేళ్లకో ఒకనాటి సాయంత్రం, “రేపటినుండి రానవసరం లేదు” అన్న మాట వారి చెవిని పడుతుంది. వారి పద్దు ఎవరి పుస్తకంలో వ్రాయాలి?

ఆండీ రాబర్ట్‌సన్ అనే గ్లాస్గో బాలుణ్ణి, మరీ చిన్నగా ఉన్నాడని సెల్టిక్ క్లబ్బు పదిహేనవ యేట పంపివేసింది. అతడు క్వీన్స్ పార్క్ అనే క్లబ్బులో చేరాడు. ఆనాటికి ఆ క్లబ్బు జీతమివ్వని ఔత్సాహికుల సంఘం. అందుచేత పొట్టకూటికి చిన్న చిన్న పనులు చేసుకొంటూ ఆడాడు. 2013లో డండీ యునైటెడ్, 2014లో ఇంగ్లండులోని హల్ సిటీ, 2017లో లివర్‌పూల్. 2019లో యూరప్ విజేతల జట్టులో అతడున్నాడు. స్కాట్లండ్ జాతీయజట్టుకు నాయకుడైనాడు. హిబర్నియన్‌కే చెందిన మరొక ఉదాహరణ జాష్ డోయిగ్. అదే నగరంలోని ప్రత్యర్థి క్లబ్బు హార్ట్స్ వద్దని వదిలిన ఈ బాలుణ్ణి హిబర్నియన్ వారు చేరదీశారు. 2022లో ఇటలీలోని వెరోనా నగరపు క్లబ్బు అతణ్ణి కొన్నది. పదిహేనేళ్ల పిల్లవానిని చూచి, వీడింతే అని తీర్పు చెప్పడం ఎంత సాహసమో ఈ ఇద్దరి కథలూ చెబుతున్నాయి.

ఆ దేశంవారు కూడా ఈ విషయమై ఆలోచించకపోలేదు. చిన్నపిల్లలను క్లబ్బులు తమ పేర నమోదు చేసుకొని కట్టిపడవేసే పద్ధతిని విచారించవలసిందని 2010లో స్కాట్లండ్ పార్లమెంటుకు ఒక అర్జీ చేరింది. దాని మీద చర్చ యేళ్ల తరబడి సాగింది. ఆటగాణ్ణి పెంచిన చేతులకు ప్రతిఫలం దక్కాలన్న న్యాయం ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ నియమాలలో ఉన్నది. ఒక దేశపు క్లబ్బు మరొక దేశపు క్లబ్బుకు ఆటగాణ్ణి ఒప్పందకాలంలో అమ్మినప్పుడు, ఆ వెలలో నూటికి 5 వంతులు అతణ్ణి 12 నుండి 23 యేళ్ల వయస్సు వరకు తీర్చిదిద్దిన క్లబ్బులన్నీ పంచుకోవాలి. మంచి నియమమే. కాని అమ్ముడుపోని పిల్లవాని విషయంలో ఏ నియమమూ నోరు విప్పదు. అక్కడ మనుష్యుని మనస్సే నియమం కావాలి.

ఇట్టి మనస్సు పరదేశాలలోనే ఉన్నదని నా అభిప్రాయం కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టును నాలుగవ స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకానికి చేర్చిన సయ్యద్ అబ్దుల్ రహీంసాహెబ్ మన హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసినవారే. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడ నుండి మైదానానికి రావడానికి డబ్బులేని తులసీదాస్ బలరాం అనే కుర్రవానికి, అద్దెసైకిలు కోసం ఆయన రోజుకొక రూపాయి ఇచ్చేవారని చెబుతారు. ఆ బలరాం రెండు ఒలింపిక్సులలో ఆడాడు. ఈస్ట్ మెయిన్స్‌కు 50 లక్షల పౌన్లు, అమ్ముగూడకు ఒక్క రూపాయి. లెక్కలో తేడా ఉన్నది గాని, నమ్మకంలో లేదు.

ఇక మన విద్యార్థి విషయం. ఎంపికలనుండి తిరిగివచ్చిన తరువాత అతడు మైదానానికి రాలేదు, తరగతికీ రాలేదు. హాజరు పట్టీలో మూడు వారాలు వరుసగా సున్నాలు చూచి, ఒక సాయంత్రం అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. తల్లి చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లింది. కుర్రవాడు తలవంచుకొని చాలాసేపు కూర్చున్నాడు. చివరకు, “నన్నెందుకు తీసుకోలేదో ఎవరూ చెప్పలేదు సార్” అన్నాడు.

ఆ మాట నేను పదహారవ యేట అనవలసినది. అనలేదు. అతనికి రాబర్ట్‌సన్ కథ చెప్పాను. నీవూ అంతటివాడవవుతావని మాత్రం చెప్పలేదు. ఆ మాట అబద్ధమయ్యే అవకాశమే ఎక్కువ. గేటు దగ్గర నా పేరు వెతుక్కొన్న కథ కూడా చెప్పాను. పిమ్మట, మన ఉన్నత పాఠశాల చిన్నపిల్లలకు సాయంత్రాలు ఆట నేర్పేవారు లేరు, వస్తావా అని అడిగాను. అవుననలేదు, కాదనలేదు.

కనుక సంఘంవారికి నా విన్నపం ఇది. ఆటలకు, చదువులకు మనం పెట్టే డబ్బుకు తప్పక లెక్క అడగండి. కాని ఎంపికైనవాడెవడు, పతకం తెచ్చినవాడెవడు అని మాత్రమే అడగవద్దు. రిక్తహస్తాలతో తిరిగివచ్చినవాణ్ణి ఎవరు పలకరించారు, అతనికి కారణం ఎవరు చెప్పారు, అతడు మళ్లీ తరగతికి వచ్చాడా అని కూడా అడగండి. పద్దు పుస్తకంలో అందుకొక గడి గీయించండి. విద్యార్థులారా! మీకు చెప్పవలసినది ఒక్కటే. జాబితా వ్రాసేవాడు ఆ ఒక్క రోజు ఆటను చూచి వ్రాస్తాడు. మీ జీవితాన్ని చూచి కాదు. అటక మీద పెట్టిన బూట్లను దింపుకోవడం మీ చేతిలో ఉన్నది.

ఈ వ్యాసం అచ్చుకు వెళ్లేనాటికి మన విద్యార్థి నాలుగు తరగతులకు వచ్చాడు, రెండింటికి రాలేదు. మైదానంలో చిన్నపిల్లల నడుమ ఒక సాయంత్రం కనిపించాడు. ఆ ప్రయాణపు ఖర్చు ఏమైనట్లని అడిగిన పెద్దలకు, ఆ పద్దు ఇంకా ముగియలేదని సవినయంగా మనవి చేసుకొంటున్నాను.