రెండు ఆటలు – ఒక వంతెన

కృష్ణానది ఒడ్డున, హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్ళే జాతీయ రహదారి పక్కన వెలసిన పుణ్యక్షేత్రం బీచుపల్లి. ఒక వేసవి సాయంకాలం అక్కడి ఆంజనేయస్వామిని దర్శించుకొని, ఇద్దరు అన్నదమ్ములు రేవు మెట్లపై కూర్చున్నారు. ఎదురుగా రహదారి వంతెన. వారి నడుమ వాదం సాగుతున్నది. అది పొలం పంపకం గురించి కాదు. కంప్యూటరులో ఆడే రెండు ఆటల గురించి.

అన్న హైదరాబాదులో ఇంజనీరింగు చదివే రోజుల్లో, ఇంటర్నెట్ కేంద్రంలో గంటకింతని చెల్లించి ‘హాఫ్-లైఫ్’ ఆడాడు. అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 1998లో దానిని విడుదల చేసింది. కథానాయకుడు గోర్డన్ ఫ్రీమన్ భౌతిక శాస్త్రవేత్త. అతడు ఒక్క మాటైనా పలకడు. ఆడేవాడు అతని కళ్ళతోనే లోకాన్ని చూస్తాడు. ఆనాటి తుపాకి ఆటల్లో చాలావాటికి ఆదినుంచీ కాల్పులే పని. ఇందులో మాత్రం మొదటి నిమిషాలు కొలువుకు వెళ్ళే బండి ప్రయాణంతోనే గడుస్తాయి. పిమ్మట ఒక ప్రయోగం వికటించి, అన్యలోకపు జీవులు పరిశోధనాలయంలో చొరబడతాయి. రక్షించ వచ్చారనుకొన్న సైనికులే సాక్ష్యం మిగలకుండా శాస్త్రజ్ఞులను చంపనారంభిస్తారు.

“ఆ భయం మరే ఆటలోనూ కలగలేదు. మొదటిదే గొప్పది” అని అన్న తీర్పు.

తమ్ముడు 2004లో వెలువడిన రెండవ భాగాన్ని ఆడాడు. అందులో భూగోళమంతా పరాధీనం. రైలు దిగిన నాయకుని ముందు కాపలావాడు ఒక ఖాళీ డబ్బాను నేలపై పడవేసి, తీసి చెత్తకుండీలో వేయమని ఆజ్ఞాపిస్తాడు. చేతిలో ఆయుధం లేదు. ఆ చిన్న అవమానమే బానిసత్వమంటే ఏమిటో తెలుపుతుంది. వస్తువులకు నిజమైన బరువు ఉంటుంది: పలక ఒక కొనపై ఇటుకలు పేరిస్తే రెండవ కొన పైకి లేస్తుంది. మొదటి ఆటలో శాస్త్రజ్ఞులవి నాలుగైదు ముఖాలే. ఇందులో మనుషుల కళ్ళలో దుఃఖం, ఆశ కనిపిస్తాయి. ఒకచోట ఎత్తైన వంతెన కింది ఇనుప దూలాలపై నడిచి ఆవలికి చేరాలి.

“అక్కడికి రాగానే మన వంతెనే గుర్తొచ్చింది” అన్నాడు తమ్ముడు. కాసేపాగి, “అన్నా, మొదటి ఆటలో ఆ స్ఫటికాన్ని యంత్రంలోకి నెట్టింది ఎవరు?” అని అడిగాడు.

“ఆడేవాడే. పైవాళ్ళు చెప్పారు, చేశాడు.”

“ఆ ప్రమాదం తెరిచిన దారినే పరాయిశక్తి వచ్చి భూమిని ఏడు గంటల్లో లోబరచుకొంది. మొదటి ఆటలో బయటపడితే చాలు. రెండవదానిలో మిగిలిపోయినవాళ్ళ ముఖాలు చూడాలి.”

అన్న మారు పలకలేదు. తండ్రి మంచం పట్టిన ఏడు అతడు ఈ వంతెన మీదుగానే ఉద్యోగానికి వెళ్ళాడు. పొలం కోసం తమ్ముడు డిగ్రీ మానుకొన్నాడు. వెళ్ళమన్నది పెద్దలే, వెళ్ళింది మాత్రం తానే.

“మొదటి ఆట చివర నాయకుడిని ఏదో ఒకటి ఎంచుకోమంటారు కదా!” అన్నాడు అన్న మెల్లగా.

“అవును. రెండవ ఆట చివర ఆ అవకాశమే ఇవ్వరు. నాకది వింతగా తోచలేదు.”

ఆ మాటలో నిందలేదు. అందుకే అది అన్న మనసును మరింతగా తాకింది. తొలి ఆటకు కొత్తదనం గొప్ప. మలి ఆటకు బాధ్యత గొప్ప. తొలిదానిలో చేసిన పనికి మలిదానిలో లెక్క చెప్పవలసి వచ్చింది. మనుషుల జీవితంలోనూ అంతే.

చీకటి పడింది. వంతెనపై లారీల దీపాలు బారులు తీరాయి.

“ఈ ఏడు నీవు మళ్ళీ కళాశాలలో చేరు. పొలం సంగతి నేను చూస్తాను” అన్నాడు అన్న.

తమ్ముడు చాలాసేపు నది వంక చూశాడు. “ముందు రెండవ ఆట పూర్తిగా ఆడి చూడు. తరువాత మాట్లాడుకొందాం” అని చిన్నగా నవ్వాడు.